అండమాన్ నికోబార్ దీవుల్లో గుండె కవాటాల, ఊపిరితిత్తుల జన్యువ్యాధులు

పరిధి, నిర్వచనం

జన్యువుల్లోని మార్పు వల్ల గుండె కవాటాలు, ఊపిరితిత్తులు దెబ్బతినే వ్యాధులు ఈ వ్యాసానికి విషయం. కొన్నింటిలో కవాటమే చెడుతుంది, కొన్నింటిలో ఊపిరితిత్తులే. మార్ఫాన్ సిండ్రోమ్ వంటి వాటిలో రెండూ ఒకే కారణంతో చెడతాయి. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన మార్పు, బిడ్డలోనే కొత్తగా తలెత్తిన మార్పు, క్రోమోజోముల సంఖ్యలో తేడా, ఈ మూడూ జన్యువ్యాధుల కిందికే వస్తాయి. వంశపారంపర్యం అనే మాట మొదటి దానికే వర్తిస్తుంది. పుట్టుకతో వచ్చిన గుండె లోపమంతా జన్యువ్యాధి అనుకోవడం కూడా పొరపాటే. గర్భం దాల్చిన తొలి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు పుపుస ధమని ఇరుకుగా ఏర్పడవచ్చు. అక్కడ తప్పు జన్యువుది కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 3,80,581 మంది ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం ఇక్కడి ప్రధాన భాషలు. తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 13 శాతం. ఇంత చిన్న జనాభాలో ఒక్కొక్క అరుదైన వ్యాధికి దొరికే రోగులు కొద్దిమందే. మార్ఫాన్ సిండ్రోమ్ సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుందన్న ప్రపంచ అంచనాను వర్తింపజేస్తే దీవులన్నిటిలో 75 మంది దాకా ఉండాలి. వారిని గుర్తించడంలో జన్యు పరీక్షకంటే ముందు పనికొచ్చేది కుటుంబ చరిత్ర: ఆ కుటుంబం ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఎవరితో కలిసి దీవులకు వచ్చింది, ఎవరితో వియ్యమందుతోంది అన్న సమాచారం. ఈ వ్యాసంలోని వాదమంతా దీని చుట్టూనే నడుస్తుంది.

వలసలు, స్థాపక ప్రభావం (చూ. దీవుల జనచరిత్ర)

1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీవిజయపురం అంటున్న ఊళ్లో, ఖైదీల శిబిరం పెట్టింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఖైదీలు కులం, ప్రాంతం పట్టించుకోకుండా పెళ్లిళ్లు చేసుకోగా పుట్టిన సంతతిని ఇప్పటికీ ‘లోకల్ బార్న్’ అంటారు. జన్యుపరంగా ఇది మంచి కలగలుపు. తర్వాతి వలసలు అలా జరగలేదు, గుంపులు గుంపులుగా జరిగాయి. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ గిరిజనులను అడవి పనులకు తెచ్చారు. వీరిని దీవుల్లో రాంచీవాళ్లు అంటారు. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత మాప్పిళ్ళ ఖైదీలు వచ్చారు. దక్షిణ అండమాన్‌లో మంజేరి, కాలికట్ అని ఊళ్లుండటానికి కారణం వీరే. 1925లో బర్మా నుంచి కరెన్లు, 1926లో ఉత్తర భారతం నుంచి భాంతులు, 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థులు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల తెలుగు జాలరులు స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో చేరి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడ్డారు.

కొద్ది కుటుంబాలు ఒకచోట దిగి, తరాల తరబడి తమలో తామే సంబంధాలు కలుపుకుంటే, ఆ తొలి కుటుంబాల్లో ఎవరో ఒకరు మోసుకొచ్చిన జన్యుమార్పు మొత్తం సమూహంలో అసాధారణంగా పెరగవచ్చు. దీన్ని స్థాపక ప్రభావం అంటారు. ఇది దీవులకే ప్రత్యేకమైనది కాదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు భాగస్వాములుగా 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాల్లో స్థాపక ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లోకంటే, అష్కెనాజీ యూదుల్లోకంటే బలంగా ఉన్నట్టు తేల్చింది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యులు. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందును విరిచే ఎంజైము లోపం వీరిలో ఎక్కువ. ఆ లోపం ఉన్నవారికి మందు ఇస్తే ఊపిరి తీసే కండరాలు గంటల తరబడి కదలవు. అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు ఇంటివారి అనుభవం కూడా అడిగి తెలుసుకుంటారు.

గుండె, ఊపిరితిత్తుల విషయంలో ఇంతకంటే సూటిగా వర్తించే ఉదాహరణ కేరళలో దొరికింది. ఫిబ్యులిన్-4 అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులో ఒకే మార్పు ఉన్న 22 మంది శిశువుల గురించి 2012లో ఒక పరిశోధన పత్రం వచ్చింది; వీరిలో ఎక్కువమంది మలబార్ ముస్లిం కుటుంబాల పిల్లలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు జన్యు ప్రతుల్లోనూ ఈ మార్పు ఉన్న శిశువుల్లో మహాధమని, పుపుస ధమని విపరీతంగా ఉబ్బి మెలికలు తిరుగుతాయి. ఉబ్బిన ధమనులు శ్వాసనాళాలను నొక్కడంతో పసికందుకు ఊపిరి ఆడదు. చాలామంది శైశవం దాటలేదు. దక్షిణ అండమాన్‌లోని మాప్పిళ్ళల్లో ఈ మార్పు ఉందని దీనర్థం కాదు. వారి పూర్వీకులు మలబార్‌లోని వేర్వేరు తాలూకాల నుంచి ఒక శతాబ్దం కిందటే వచ్చారు, తర్వాత బయటి సంబంధాలూ కలిశాయి. అయినా ఆ మూలాలున్న ఇంట్లో శిశువు ఆయాసపడుతుంటే, న్యుమోనియా మందులకు లొంగకపోతే, గుండెకు ఎకో (అల్ట్రాసౌండ్ పరీక్ష) తీసే డాక్టరు పెద్ద ధమనుల ఆకారాన్ని ప్రత్యేకంగా గమనించడానికి ఆ ఒక్క సమాచారం చాలు.

ఇక మేనరికం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. దీవులకు వెళ్లిన తెలుగు కుటుంబాలకూ మేనత్త కొడుకు, మేనమామ సంబంధాలు కొత్తవి కావు. దీని ఫలితం లెక్కలో చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది. నూరుమందిలో ఒకరు వాహకులుగా, అంటే ఒక్క చెడ్డ ప్రతి మోసేవారిగా, ఉన్న అంతర్గత వ్యాధి ఒకటుందనుకుందాం. అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడ్డ ప్రతి వస్తేనే బయటపడే వ్యాధి. బయటి సంబంధాల్లో అది 40,000 కాన్పుల్లో ఒకటిగా వస్తుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో సుమారు 3,000కు ఒకటి. మేనమామతో పెళ్లిలో సుమారు 1,550కు ఒకటి. ముప్పు ఎన్నో రెట్లు పెరిగిన మాట నిజమే, ఆ దంపతుల బిడ్డల్లో అత్యధికులు ఈ వ్యాధి లేకుండా పుడతారన్నదీ అంతే నిజం. ఒక్క చెడ్డ ప్రతి చాలిన బహిర్గత వ్యాధులకు, మార్ఫాన్ వంటివాటికి, మేనరికంతో సంబంధమే లేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే మార్ఫాన్ బిడ్డ తల్లిని అత్తింటివారు మేనరికం పేరు చెప్పి నిందిస్తుంటారు.

రెండు అవయవాలూ కలిసి చెడే మార్గాలు

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, ఊపిరి ఇరవై వేలసార్లు ఆడుతుంది. కవాటపు రేకులు, గాలి గదుల గోడలు ఇన్నిసార్లు సాగి మళ్లీ మొదటి ఆకారానికి రావాలంటే కొల్లాజెన్, ఎలాస్టిన్, ఫిబ్రిలిన్ వంటి ప్రోటీన్ల అల్లిక సరిగ్గా ఉండాలి. అది వదులైతే మైట్రల్ కవాటపు రేకు కర్ణికలోకి పొంగి రక్తం వెనక్కి కారుతుంది. ఊపిరితిత్తి పైకొనలో గాలి బుడగలు లేచి పగులుతాయి. మొదటి మార్గం ఇది. ఫిబ్రిలిన్ పని అల్లికతో ఆగదు. టీజీఎఫ్-బీటా అనే ఎదుగుదల సంకేతాన్ని అది కట్టడి చేస్తుంది. ఆ కట్టడి పోతే కణజాలం తప్పుదారిలో మారిపోతుందని 2000 తర్వాత ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపాయి.

రెండో మార్గంలో చెడేది ఊపిరితిత్తుల చిన్న ధమనుల గోడ. అవి మందమై ఇరుకైతే కుడి జఠరిక ఎక్కువ ఒత్తిడితో రక్తాన్ని నెట్టాలి. క్రమేణా అది సాగిపోయి ట్రైకస్పిడ్ కవాటం కారడం మొదలవుతుంది. అక్కడ కవాటంలో పుట్టుకతో లోపమేమీ లేదు, ఊపిరితిత్తుల జబ్బే దాన్ని చెడగొట్టింది. మూడో మార్గం పిండదశకు చెందింది. కణాల మీది సూక్ష్మ రోమాలు, అంటే సిలియాలు, పిండంలో కుడి ఎడమలను నిర్ణయిస్తాయి, పుట్టాక శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి తోస్తాయి. అవి కదలకపోతే గుండె కుడివైపు ఉండవచ్చు, ఊపిరితిత్తులు పదేపదే చీము పట్టవచ్చు. నాలుగోది పేరుకుపోవడం: మ్యూకోపాలీశాకరైడోసిస్ వ్యాధుల్లో ఎంజైము లోపం వల్ల విరగని చక్కెర గొలుసులు కవాటాల్లోనూ శ్వాసమార్గంలోనూ పేరుకుని రెంటినీ మందంగా మారుస్తాయి.

ముఖ్యమైన రకాలు

మార్ఫాన్ సిండ్రోమ్‌ను ఫ్రెంచి వైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ 1896లో అయిదేళ్ల బాలికలో వర్ణించాడు. కారణమైన ఎఫ్‌బీఎన్1 జన్యువు 1991లో తెలిసింది. అది 15వ క్రోమోజోము మీద ఉంది. రోగి బిడ్డకు సంక్రమించే అవకాశం సగానికి సగం, అయితే నలుగురు రోగుల్లో ఒకరికి తల్లిదండ్రుల్లో ఎవరికీ జబ్బు ఉండదు. పొడుగాటి మనిషి, ఎత్తుకు మించిన చేతుల బారు, జారిన కంటి కటకం, వంగిన వెన్ను, లోపలికి పోయిన లేదా ముందుకు పొడుచుకొచ్చిన ఎదురు రొమ్ము బయటి గుర్తులు. పరీక్షకు పరికరాలు అక్కర్లేదు. బొటనవేలును అరచేతిలోకి మడిచి పిడికిలి బిగిస్తే గోరు మొత్తం చిటికెనవేలి పక్కనుంచి బయటికి వస్తుంది. రెండో చేతి మణికట్టును చుట్టి పట్టుకుంటే బొటనవేలు, చిటికెనవేలు గోళ్లు ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. రెండు చేతుల బారును ఎత్తుతో భాగిస్తే 1.05 దాటడం ఇంకో ఆధారం. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. నిర్ధారణకు వాడే, 2010లో సవరించిన ఘెంట్ ప్రమాణాలు మహాధమని మొదలు వెడల్పుకూ కటకం జారడానికీ ఎక్కువ విలువ ఇచ్చాయి. ప్రాణం తీసేది సాధారణంగా మహాధమని చీలికే. మైట్రల్ కవాటం పొంగడం, మహాధమని కవాటం కారడం దాని సహచరులు. ఊపిరితిత్తి పగిలి ఛాతీలో గాలి చేరడం, అంటే న్యుమోథొరాక్స్, సాధారణ జనంలోకంటే వీరిలో చాలా ఎక్కువ.

ఎలర్స్-డాన్లోస్ వ్యాధులను 2017 వర్గీకరణ 13 రకాలుగా విడదీసింది. వాటిలో కవాటాలను ప్రధానంగా చెడగొట్టే అరుదైన అంతర్గత రకం ఒకటి. ధమనులు పగిలే, ఊపిరితిత్తుల్లో రక్తస్రావమయ్యే రకం ఇంకొకటి. ఎక్స్ క్రోమోజోము మీది ఫిలమిన్-ఏ జన్యువు చెడితే కొన్ని కుటుంబాల్లో కవాటాల రేకులు మందమవుతాయి, కొందరు శిశువుల్లో గాలి గదులు అతిగా ఉబ్బుతాయి. చర్మం వేలాడే క్యూటిస్ లాక్సాలో పసితనంలోనే గాలి గదుల గోడలు చెడిపోయే ఎంఫిసీమా రావచ్చు. వీటన్నిటికంటే తరచుగా కనిపించేది మూడు రేకులకు బదులు రెండే ఉన్న మహాధమని కవాటం. నూరుమందిలో ఒకరిద్దరికి ఇది ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో నాచ్1 జన్యువు కారణమని 2005లో తేలింది. చాలామందికి యాభై దాటేదాకా ఏ ఇబ్బందీ ఉండదు.

వంశపారంపర్య పుపుస ధమని అధిక రక్తపోటుకు ముఖ్య కారణం 2000లో గుర్తించిన బీఎంపీఆర్2 జన్యువు. మార్పు ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు; స్త్రీలలో సుమారు 42 శాతానికి, పురుషులలో 14 శాతానికి వస్తుందని అంచనా. అందువల్ల ఒక తరం దాటి మనవరాలిలో బయటపడవచ్చు. గర్భం వీరికి ప్రాణాపాయం. నూనన్ సిండ్రోమ్‌లో పుపుస కవాటం మందమై బిగుసుకుపోతుంది, కొందరికి ఛాతీలో శోషరసం చేరుతుంది. సగం మందిలో పీటీపీఎన్11 జన్యువే కారణమన్నది 2001 నాటి ఆవిష్కరణ. డౌన్ సిండ్రోమ్‌లో దాదాపు సగం బిడ్డలకు గుండె లోపం ఉంటుంది. గుండె మధ్యగోడలో రంధ్రంతో పాటు కవాటాలు రెండూ కలిసిపోయిన రకం అందులో ప్రత్యేకం. దాన్ని తొలి నెలల్లో సరిచేయకపోతే ఊపిరితిత్తుల ధమనులు శాశ్వతంగా బిగుసుకుపోతాయి. డౌన్ సిండ్రోమ్ చాలావరకు వంశపారంపర్యం కాదు, తల్లి వయసు ప్రధానం.

ఊపిరితిత్తుల వైపు నుంచి చూస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను పాశ్చాత్య వ్యాధిగా తోసిపుచ్చడం ఎంతకాలమో సాగింది. కారణమైన సీఎఫ్‌టీఆర్ జన్యువు 1989లో తెలిసింది. ఐరోపావారిలో ప్రధానమైన ఒక మార్పు భారతీయ రోగుల్లో అంత తరచుగా ఉండదు కాబట్టి, ఆ ఒక్కటే వెతికే కిట్‌లో దొరకలేదని జబ్బు లేదనుకోకూడదు. చెమటలో క్లోరైడు లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే రోగం ఉన్నట్టే. 1948 న్యూయార్క్ వడగాడ్పుల్లో సొమ్మసిల్లిన పిల్లల్లో ఈ రోగులు ఎక్కువగా ఉండటమే చెమట ఉప్పు మీద పరిశోధనకు దారి తీసింది. ఏడాది పొడవునా ఉక్కపోసే దీవుల్లో దగ్గూ విరేచనాలూ ఉన్న శిశువు ఉప్పు తగ్గి నీరసించడం ఆ దృష్టితో చూడవలసిన లక్షణం; బిడ్డను ముద్దాడితే ఉప్పగా ఉందని తల్లులు చెప్పే మాటను డాక్టర్లు చెవిన వేసుకోవాలి. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం ఐరోపా సంతతిలో ముఖ్యమే గాని భారతీయుల్లో చాలా అరుదు, దాని గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. సికిల్ సెల్ వ్యాధి రక్తానిదైనా ఈ వ్యాసంలో చోటు దక్కించుకుంటుంది. అది ఊపిరితిత్తుల ధమనులను దెబ్బతీస్తుంది. ట్రైకస్పిడ్ కవాటం నుంచి వెనక్కి కారే రక్తపు వేగం సెకనుకు 2.5 మీటర్లు దాటిన వయోజన రోగుల్లో మరణాలు ఎక్కువని 2004లో తేలింది. విశాఖ ఏజెన్సీలోనూ, మధ్య భారత గిరిజనుల్లోనూ ఉన్న ఈ జన్యువును రాంచీ కుటుంబాల రోగుల విషయంలో గుర్తుంచుకోవడం న్యాయం.

రుమాటిక్ జ్వరం, క్షయల నీడ (చూ. రుమాటిక్ గుండె జబ్బు, క్షయ, లెప్టోస్పైరోసిస్)

ఈ విషయంలో వినిపించే బలమైన అభ్యంతరం ఒకటుంది. దేశంలో యువతీయువకుల కవాటాలను చెడగొట్టేది ప్రధానంగా రుమాటిక్ జ్వరం. దీవుల్లో ఊపిరితిత్తుల జబ్బంటే క్షయ. వర్షాల తర్వాత లెప్టోస్పైరోసిస్. 1990ల తొలినాళ్లలో డిగ్లీపూర్ ప్రాంతంలో రక్తం కక్కించి చంపిన ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ లెప్టోస్పైరోసిసేనని తేలింది, పోర్ట్‌బ్లెయిర్‌లో 1983లో ఏర్పడిన ఐసీఎంఆర్ పరిశోధన కేంద్రం పేరు తెచ్చుకున్నది అందులోనే. ఇన్ని అంటువ్యాధుల మధ్య వేలమందిలో ఒకరికి వచ్చే జన్యువ్యాధి కోసం డబ్బూ శ్రమా పెట్టడం విలాసం కాదా అని అడుగుతారు. సంఖ్యల విషయంలో ఆ వాదన సరైనదే.

జన్యువ్యాధిని అనుమానించడానికి మాత్రం అదనపు ఖర్చు దాదాపు లేదు. తప్పు పేరు పెట్టడానికే ఖర్చు ఉంది. రుమాటిక్ అని రాస్తే రోగికి మూడు వారాలకోసారి బెంజథైన్ పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి పడుతుంది; మార్ఫాన్ రోగికి అది ఏ మేలూ చేయదు. పైగా బీటా బ్లాకర్ ఇవ్వవలసిన కాలం, మహాధమని వెడల్పు ఏటా కొలవవలసిన కాలం గడిచిపోతుంది. ఎకోలోనే తేడా చాలావరకు కనిపిస్తుంది: రుమాటిక్ జబ్బులో మైట్రల్ రేకులు అంచుల్లో అతుక్కుని మందమవుతాయి, మార్ఫాన్‌లో అవి పల్చగా, పొడుగ్గా, వదులుగా వెనక్కి పొంగుతాయి. ఊపిరితిత్తుల వైపూ ఇదే కథ. సిలియా లోపం వల్ల శ్వాసనాళాలు వెడల్పై చీము పట్టిన కుర్రాడి ఎక్స్‌రే క్షయను పోలి ఉంటుంది. కఫంలో సూక్ష్మజీవి కనిపించకపోయినా ఆరు నెలల కోర్సు, తగ్గలేదని మళ్లీ కోర్సు నడుస్తాయి. అదే ఎక్స్‌రేలో గుండె కొన కుడివైపు చూస్తుంటే 1933లో కార్టజెనర్ వర్ణించిన జబ్బు కళ్ల ముందే ఉన్నట్టు. ఫిల్మును తిరగేసి పెట్టారనుకుని పక్కన పడేసే అవకాశమూ ఉంది. మందుకు లొంగని క్షయలో వాడే లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ వర్గపు మందులు మహాధమని చీలికకు దారితీయవచ్చని, మార్ఫాన్, ఎలర్స్-డాన్లోస్ రోగుల్లో వీలైనంత వరకు మానాలని 2018లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. అంటే క్షయకు మందు ఎంచుకునేటప్పుడు కూడా జన్యువ్యాధి సంగతి తెలియాలి.

సముద్రం, పీడనం

దీవుల జీవనంలో ఈ వ్యాధులకు ప్రత్యేకమైన ముప్పు ఒకటుంది. స్వరాజ్ ద్వీప్ అని 2018లో పేరు మారిన హావ్‌లాక్ దేశంలో స్కూబా డైవింగ్‌కు పేరున్న చోటు. పది మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చిన గాలిని వదలకుండా పైకి వస్తే అది రెండింతలవుతుంది. ఆరోగ్యవంతుడు ఊపిరి వదులుతూ వస్తాడు కాబట్టి బాధ లేదు. ఊపిరితిత్తి కొనలో గాలి బుడగలున్న వ్యక్తిలో ఆ బుడగలోని గాలి బయటికి పోలేక పగిలే ప్రమాదముంది. తనంతట తానుగా ఒకసారి న్యుమోథొరాక్స్ వచ్చినవారు, రెండు వైపులా శస్త్రచికిత్స జరిగితే తప్ప, ఇక డైవింగ్ చేయకూడదని బ్రిటిష్ ఛాతీ వైద్యుల సంఘం చెబుతుంది. డైవింగ్‌కు ముందు నింపించే ఆరోగ్య ప్రశ్నావళిలో ఈ ప్రశ్నలుంటాయి. సెలవులకు వచ్చిన పర్యాటకుడు అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తాడు. పొడుగ్గా, సన్నగా ఉండి రొమ్ము లోపలికి పోయిన వ్యక్తిని చూసినప్పుడు నిర్వాహకుడు ఇంకో ప్రశ్న వేస్తే ఎవరికీ నష్టం లేదు.

ఛాతీలో గాలి చేరిన రోగిని దీవి దాటించడం మరో చిక్కు. ప్రధాన భూభాగం సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో మూడు రోజుల దాకా పడుతుంది. విమానం లోపలి పీడనం ఎనిమిది వేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంటుంది గనుక చిక్కుకున్న గాలి సుమారు మూడో వంతు ఉబ్బుతుంది. ముందు గొట్టం వేసి గాలి తీసేయాలి, ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రే చూపిన తర్వాత వారం ఆగాలి. క్యాంప్‌బెల్ బే నుంచి శ్రీవిజయపురానికి 500 కిలోమీటర్లకు పైగా ఉన్నందువల్ల హెలికాప్టర్ తప్పని సందర్భాల్లోనూ గొట్టం వేశాకే ఎక్కించడం పద్ధతి. జాలరుల సంగతి వేరు. బరువైన వలను ఊపిరి బిగబట్టి లాగేటప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. మహాధమని ఉబ్బిన మనిషి మానుకోవాల్సిన పని సరిగ్గా అదే. అలాంటివారు పడవ మీద చుక్కాని పట్టినా చేపల వేలం చూసుకున్నా బతుకుతెరువు పోదు. ఆ సలహా ఇవ్వాలంటే ముందు జబ్బు తెలియాలి.

ఆదిమ తెగలు: శాస్త్రం, హద్దులు

అండమాన్ జన్యువులంటే పరిశోధకుల చూపు ఓంగీలు, జారవాల మీదికే పోతుంది. 2005లో సైన్స్ పత్రికలో తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరుల సీసీఎంబీ బృందం ఓంగీల, గ్రేట్ అండమానీల మైటోకాండ్రియా జన్యుపటాలను పరిశీలించి, ఇవి అతి ప్రాచీన వంశశాఖలని, నికోబారీలు మాత్రం ఆగ్నేయాసియాకు దగ్గరివారని చెప్పింది. ఆ శాఖల్లో ఒకటి తర్వాత ప్రధాన భూభాగంలోనూ కనిపించడంతో దీవుల ఏకాంతం ఎంత పాతదన్న చర్చ సాగింది. ఓంగీలు నూరుమందికి అటూ ఇటూగా ఉన్న తెగ. ఇంత చిన్న సమూహంలో చెడు జన్యువు పెరగడానికి ఎంత అవకాశముందో పూర్తిగా కనుమరుగవడానికీ అంతే ఉంది. కాబట్టి ‘తెగ చిన్నది, కనుక జన్యురోగాలు ఎక్కువ’ అనే ఊహకు ఆధారం చాలదు. చరిత్ర ఇంకొకటి చెబుతోంది. 1858లో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1961 నాటికి 19 మందికి కుదించుకుపోయారు. కారణాలు 1877 నాటి పొంగు, న్యుమోనియా, సిఫిలిస్. వారి ఊపిరితిత్తులను తినేసినవి బయటివాళ్లు తెచ్చిన క్రిములు. ఆదిమ తెగల రక్షణకు 1956 నిబంధన ఉంది, జన్యు పరిశోధనకు సమ్మతి ఎలా తీసుకోవాలో 2017 ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు చెబుతాయి. సమ్మతి అనే భావనే అర్థం కాని భాషలో రాసి సంతకం పెట్టించుకున్న కాగితం ఆ మార్గదర్శకాలను నెరవేర్చదు.

సమూహం పేరుతో జబ్బును గుర్తుంచుకోవడం ఆ సమూహానికి మచ్చ వేయడమే అనే అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. పెళ్లి సంబంధాలు చెడతాయని భయపడి కుటుంబ చరిత్ర దాచిన సందర్భాలుంటాయి. అందుకే ప్రశ్న సమూహాన్ని గురించి కాక రోగి ఇంటిని గురించి ఉండాలి: తాత ఊరేది, తల్లిదండ్రులు వరసకు ఏమవుతారు, నలభై లోపు హఠాత్తుగా పోయినవారెవరు, ఎవరికైనా పసిబిడ్డ ఆయాసంతో పోయిందా. నాలుగు ప్రశ్నలూ అన్ని కులాలకూ మతాలకూ ఒకటే. అందరినీ అడిగినప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు.

నిర్ధారణ, చికిత్స, సంరక్షణ

సెల్యులర్ జైలు ఆవరణలో 1963లో ఏర్పడిన గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రి దీవులకు ప్రధాన ఆస్పత్రి. 2015లో మొదలైన అండమాన్ నికోబార్ వైద్య విజ్ఞాన సంస్థకు ఇదే బోధనాస్పత్రి. కవాట శస్త్రచికిత్సకు, జన్యు పరీక్షకు రోగులు సముద్రం దాటాలి. జన్యు పరీక్షకైతే రోగి కదలకుండా రక్తపు నమూనా ఒక్కటే వెళ్లినా సరిపోతుంది. మార్ఫాన్‌లో బీటా బ్లాకర్ పాత చికిత్స. లొసార్టాన్ దాన్ని మించుతుందన్న ఆశను 608 మంది రోగుల మీద జరిగి 2014లో వెలువడిన ప్రయోగం నిలబెట్టలేదు; రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. మహాధమని మొదలు 5 సెంటీమీటర్లకు చేరితే శస్త్రచికిత్స చేస్తారు, కుటుంబంలో చీలిక చరిత్ర ఉంటే 4.5 దగ్గరే. 1968 నాటి బెంటాల్ పద్ధతిలో కవాటాన్ని కూడా మారుస్తారు. 1990లలో వచ్చిన డేవిడ్ పద్ధతి సొంత కవాటాన్ని నిలుపుతుంది.

ఈ ఎంపిక దీవుల్లో మామూలు ప్రశ్న కాదు. లోహపు కవాటం వేస్తే జీవితాంతం వార్ఫరిన్ మింగాలి, రక్తం ఎంత పల్చబడిందో ఐఎన్‌ఆర్ పరీక్షతో తరచూ చూసుకోవాలి. కచ్చల్‌లోనో కామోర్టాలోనో ఉన్న రోగికి సముద్రం అల్లకల్లోలంగా ఉన్న వారాల్లో పరీక్ష ఆలస్యమైతే కవాటం మీద గడ్డ కట్టవచ్చు లేదా మెదడులో రక్తం కారవచ్చు. వీలైన చోటల్లా కవాటాన్ని బాగుచేయడానికే మొగ్గడం, మార్చక తప్పనప్పుడు వేలి రక్తపు చుక్కతో ఐఎన్‌ఆర్ చూపే చిన్న యంత్రాన్ని దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఉంచడం సమంజసం. గర్భం ధరించదలచిన స్త్రీకి వార్ఫరిన్ మరో సమస్య, అది పిండానికి హాని చేస్తుంది.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన ఉత్కృష్ట కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. మ్యూకోపాలీశాకరైడోసిస్ వంటి ఎంజైము లోపాలకు ఇది ముఖ్యం. దీవుల వారికి రాకపోకలు సులభమైన వాటిలో కోల్‌కతా ఐపీజీఎంఈఆర్, తెలుగు కుటుంబాలకు భాష కలిసొచ్చేది హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ ఉమ్మడి కేంద్రం. ఒక బిడ్డకు జబ్బు నిర్ధారణ అయ్యాక తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ ఎకోతో చూడటం, తర్వాతి కాన్పులో 18 నుంచి 22 వారాల మధ్య గర్భస్థ శిశువు గుండెకు ఎకో తీయడం తదుపరి మెట్లు. తీవ్రమైన లోపమని తేలితే 24 వారాల తర్వాత నిర్ణయం వైద్య మండలి చేతిలో ఉంటుందని 2021 చట్ట సవరణ చెబుతోంది. దూరపు దీవిలోని గర్భిణి రాజధానికి వచ్చి స్కాన్ చేయించుకుని ఫలితం వచ్చేసరికి వారాలు గడిచిపోవచ్చు గనుక ఆ స్కాన్ తేదీని తొలి పరీక్షనాడే ఓడ షెడ్యూలు చూసి ఖాయం చేసుకోవాలి.